చిత్తుకాగితాల మ్యూజియం

కొన్నేళ్ళ క్రితం సంగతి. మా ప్రాజెక్టులో ఓ పాత మాడ్యూల్లో వింత రూలొకటి కనబడింది. ఎందుకు పెట్టారో ఎవరికీ తెలీదు. తీసేద్దామంటే ఏం కూలుతుందోనని భయం. రాసినాయన ఎప్పుడో మానేశాడు. డిజైను గీసుకున్న కాగితాలు ఆఫీసు మారినప్పుడు చెత్తలోకి పోయాయిట. రెండు వారాలు తలలు పట్టుకుని, చివరికి దాన్నలాగే వదిలేశాం.

అందుకేనేమో, న్యూయార్కులోని కూపర్ హ్యూయిట్ డిజైన్ మ్యూజియం చరిత్ర చదువుతుంటే కాస్త ఈర్ష్య కలిగింది. వాళ్ళు నూటపాతికేళ్ళ పైనుంచీ దాస్తున్నవాటిలో పెద్ద భాగం ఇలాంటి కాగితాలే!

కథ పీటర్ కూపర్ తో మొదలవుతుంది. 1791లో పుట్టిన ఈయన బడికెళ్ళింది గట్టిగా ఏడాది కూడా లేదు. జిగురు ఫ్యాక్టరీ పెట్టి సంపాదించాడు. 1830లో 'టామ్ థంబ్' అనే రైలింజను తయారుచేసిందీ ఈయనే. తనకి దొరకని చదువు పనివాళ్ళకైనా దొరకాలని 1859లో కూపర్ యూనియన్ స్థాపించాడు. అక్కడి రీడింగ్ రూము రాత్రి పదింటిదాకా తెరిచుండేది. పగలంతా పనిచేసేవాడికి చదువుకోడానికి తీరికయ్యేది రాత్రే కదా.

ఆయన కూతురి కూతుళ్ళు సారా, ఎలినార్ హ్యూయిట్ లు 1897లో అదే భవనంలో మ్యూజియం తెరిచారు. లండన్, పారిస్ లలో చూసిన అలంకార కళల మ్యూజియంలు వాళ్ళకి స్ఫూర్తి. అయితే అద్దాల వెనక పెట్టి దూరంనుంచి చూపించడం వాళ్ళ ఉద్దేశం కాదు. వచ్చినవాళ్ళు దగ్గరగా చూసి, కొలుచుకుని, నకలు గీసుకుని, వెళ్ళి తమ పనిలో వాడుకోవాలి. మన భాషలో చెప్పాలంటే ఓపెన్ సోర్స్ అన్నమాట!

పత్రికల్లోంచి బొమ్మలు కత్తిరించి, విషయాలవారీగా పుస్తకాల్లో అంటించేవాళ్ళు ఆ అక్కచెల్లెళ్ళు. గూగుల్ ఇమేజెస్ కి ముత్తవ్వ అనుకోండి. 1901లో జొవాన్ని పియాంకాస్టెల్లి అనే ఇటాలియన్ దగ్గర్నుంచి 3,500కి పైగా డ్రాయింగులు మ్యూజియానికి చేరాయి. పూర్తయిన వస్తువు 'ఏమిటో' చెబుతుంది, డ్రాయింగు 'ఎలాగో' చెబుతుంది. కొట్టేసిన గీత 'ఎందుకు కాదో' కూడా చెబుతుంది.

ఇంత మంచి పనికీ డబ్బు గండం తప్పలేదు. 1963లో మ్యూజియాన్ని మూసేస్తున్నట్టు కూపర్ యూనియన్ ప్రకటించింది. అభిమానులు కమిటీగా ఏర్పడి గట్టిగా పోరాడారు. 1967లో స్మిత్సోనియన్ సంస్థ బాధ్యత తీసుకుంది. 1976లో మ్యూజియం ఫిఫ్త్ అవెన్యూ దగ్గరున్న ఆండ్రూ కార్నెగీ భవంతిలో మళ్ళీ తెరుచుకుంది. ఊరూరా లైబ్రరీలు కట్టించిన కార్నెగీ ఇంట్లోకే ఈ లైబ్రరీ చేరడం బావుంది కదూ! ఆ పోరాటమే లేకపోతే ఆ సేకరణ ఎన్ని చోట్లకి చెదిరిపోయేదో.

ఇక అసలు నన్ను ఆకట్టుకున్న విషయం. 2012లో మ్యూజియం తన వస్తువుల వివరాలని గిట్ హబ్ లో పెట్టింది, ఎవరైనా వాడుకోవచ్చని. 2013లో 'ప్లానెటరీ' అనే ఐప్యాడ్ ప్రోగ్రాముని సేకరణలో చేర్చుకుంది. మన పాటల్లో గాయకులు నక్షత్రాలుగా, ఆల్బములు గ్రహాలుగా కనబడే ప్రోగ్రామది. దాని సోర్స్ కోడుని కూడా గిట్ హబ్ లో పెట్టి ఊరుకోలేదు. కంప్యూటరు మళ్ళీ చదవగలిగే ఓసీఆర్-ఏ అక్షరాల్లో, చాలాకాలం నిలిచే కాగితం మీద అచ్చు కూడా వేయించింది!

మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే సబబే అనిపించింది. పరికరాలు మారిపోతాయి, ఆపరేటింగ్ సిస్టం మారితే ప్రోగ్రాము తెరుచుకోదు. కాగితం చదవడానికి మాత్రం కళ్ళుంటే చాలు.

మన సంగతేమిటి? ఏ లైను ఎప్పుడు మారిందో వెర్షన్ కంట్రోల్ చెబుతుంది. ఎందుకు మార్చామో, ఏయే దారులు వద్దనుకున్నామో మాత్రం వైట్ బోర్డు మీదే ఉంటుంది. మీటింగవగానే తుడిచేస్తాం. 'ఏదో చిత్తే కదా' అనుకుంటాం. పియాంకాస్టెల్లి కూడా అలాగే అనుకునుంటే?

ఈసారి డస్టర్ అందుకునేముందు ఓ ఫొటో అయినా తీసి, కోడు పక్కనే దాచండి. పదేళ్ళ తర్వాత ఏ కుర్రాడో తల పట్టుకు కూర్చున్నప్పుడు మీకో దణ్ణం పెట్టుకుంటాడు. నాకైతే అప్పుడు అలాంటి కాగితం ఒక్కటి దొరికినా చాలుననిపించింది.