డూవాప్

అమెరికా నల్లజాతి యువకులు 1940ల చివరా, 1950లలోనూ న్యూయార్క్, బాల్టిమోర్ వంటి నగరాల వీధి మలుపుల్లో తీర్చిదిద్దిన బృందగాన శైలి డూవాప్. వాద్యాలు కొనలేనిచోట గొంతే వాద్యమైంది. మంద్రస్వర గాయకుడు డబుల్ బేస్ పని చేసేవాడు. నడిమి గొంతులు అర్థంలేని అక్షరాలతో హార్మనీ అల్లేవి. పైన ప్రధాన గాయకుడు, అతనికీ పైన ఒక్కోసారి దొంగగొంతు (ఫాల్సెట్టో). తర్వాతి పాప్ సంగీతానికి డూవాప్ ఇచ్చిన అసలు ఆస్తి ఈ పనుల పంపకమే. 1954లో కార్డ్స్ బృందం ‘ష్‌బూమ్’ పాడగా, అదే పాటను అనుకరించిన తెల్లజాతి బృందం క్రూకట్స్ పాటల పట్టికలో అగ్రస్థానానికి చేరింది. ప్రభావం ఎంత త్వరగా పాకిందో, ఫలం ఎవరికి దక్కిందో రెండూ అందులోనే కనిపిస్తాయి.

హార్మనీ అంతకుముందే ఉందిగదా అనే ఆక్షేపణ సబబైనదే. చర్చి గాస్పెల్ బృందాలు, 1930ల మిల్స్ బ్రదర్స్, ఇంక్ స్పాట్స్ దారి వేశారు. తర్వాతి పాప్ బృందం బీచ్ బాయ్స్ సారథి బ్రయన్ విల్సన్‌కు జాజ్ ఛాయల ఫోర్ ఫ్రెష్‌మెన్ గురుతుల్యులు. అయితే ఆ విద్యను శిక్షణ లేని కుర్రాళ్లకు అందుబాటులోకి తెచ్చినది డూవాపే. నాలుగు స్వరమేళాల (కార్డుల) ఒకే వరస చాలు, పాట నిలబడేది. 1956లో తన తొలి హిట్ వెలువడేనాటికి డూవాప్ గాయకుడు ఫ్రాంకీ లైమన్‌కు పదమూడేళ్లే. ఆ వీధి బృందాల వారసులే డెట్రాయిట్‌లో మోటౌన్ రికార్డు సంస్థను నింపారు: 1961లో రెండు స్థానిక బృందాల కలయికతో పుట్టిన టెంప్టేషన్స్‌లో మెల్విన్ ఫ్రాంక్లిన్ మంద్రస్వరం, ఎడ్డీ కెండ్రిక్స్ దొంగగొంతు పాత పంపకాన్నే కొనసాగించాయి.