ఒడంబడికలు – ఖననవాటిక: వయాండాట్ల స్థానభ్రంశ చరిత్ర

ఉత్తర అమెరికా ఆదివాసుల స్థానభ్రంశం అనగానే సైనికబలంతో సాగిన తరిమివేతలే ప్రధానంగా చర్చకు వస్తాయి. వయాండాట్ల చరిత్రలో ఆ పని చాలావరకు ఒడంబడిక పత్రాలు చేశాయి. ఆ పత్రాల్లోని హామీల విలువ ఎంతటిదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వయాండాట్ల పూర్వీకులు హ్యూరాన్ సరస్సు తీరాన, జార్జియన్ అఖాతం సమీపంలో మొక్కజొన్న పండిస్తూ స్థిరగ్రామాల్లో నివసించిన వెండాట్, పెటూన్ ప్రజలు. 'హ్యూరాన్' అన్నది ఫ్రెంచివారు పెట్టిన పేరు. అంటువ్యాధులతో క్షీణించిన వీరి గ్రామాలు 1649లో ఇరక్వా సమాఖ్య దాడులతో చెదిరిపోయాయి. ఒక శాఖ క్యూబెక్ సమీపంలో స్థిరపడగా, పశ్చిమానికి వెళ్ళినవారు మిచిలిమాకినాక్, డెట్రాయిట్ ప్రాంతాల మీదుగా ఒహాయో చేరారు.

1830 నాటి తరలింపు చట్టం దరిమిలా, 1842 ఒడంబడికతో వారు అప్పర్ శాండస్కీ భూములను వదులుకున్నారు. ప్రతిగా మిసిసిపీ నదికి పడమట 1,48,000 ఎకరాలు ఇస్తామని ప్రభుత్వం హామీ ఇచ్చింది. 1843లో 600కు పైగా వయాండాట్లు కాన్సాస్ నదీముఖానికి చేరేసరికి వారికని కేటాయించిన భూమే లేదు. చివరకు, తామూ నిర్వాసితులే అయిన డెలావేర్ల వద్ద 36 చదరపు మైళ్ళు 46,080 డాలర్లకు కొనుక్కోవలసివచ్చింది. మరో 3 చదరపు మైళ్ళను డెలావేర్లు కానుకగా ఇచ్చారు. ఈలోగా వ్యాధులకు బలైన పలువురిని నదీసంగమం సమీపంలోని గుట్టమీద ఖననం చేశారు.

1855 ఒడంబడిక వయాండాట్లకు పౌరసత్వమిచ్చి, భూమిని వ్యక్తులవారీగా పంచి, జాతి ఉనికిని చట్టరీత్యా రద్దు చేసింది. ఖననవాటికను మాత్రం శాశ్వతంగా ఆ ప్రయోజనానికే కేటాయించింది. అయినా 1906లో అమెరికా కాంగ్రెస్ దాని విక్రయానికి అనుమతించింది. వయాండాట్ సంతతికి చెందిన న్యాయవాది లైడా కాన్లీ తన సోదరితో కలిసి సమాధుల నడుమ గుడిసె వేసుకొని కాపలా కాశారు. సుప్రీంకోర్టులో తన వాదనను స్వయంగా వినిపించారు. ఆ హామీ ప్రభుత్వాన్ని గౌరవరీత్యా బంధించేదే తప్ప, వారసులు న్యాయస్థానం ద్వారా అమలు చేయించుకోదగిన హక్కు కాదని 1910లో జస్టిస్ హోమ్స్ తీర్పునిచ్చారు. 1913లో కాంగ్రెస్సే ఆ అనుమతిని రద్దు చేసింది.

హామీని, దాన్ని అడగగల జాతి రద్దును ఒకే పత్రంలో చేర్చడమే ఇక్కడ గమనార్హం. అందువల్లనే గుర్తింపు కోసం పోరాటం భూమి కోసం పోరాటంతో విడదీయరానిదైంది. 1867 ఒడంబడికతో నేటి ఓక్లహోమాలో తిరిగి సంఘటితమైన శాఖ 1956లో మరల గుర్తింపు కోల్పోయి, 1978లో దానిని తిరిగి సాధించుకుంది.