ఆర్వెన్ చేతిలో కత్తి

పీటర్ జాక్సన్ ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ తీస్తున్నప్పుడు, హెల్మ్స్ డీప్ యుద్ధంలో ఆర్వెన్ కత్తి దూస్తుందన్న వార్త బయటికి పొక్కింది. టోల్కీన్ అభిమానులు భగ్గుమన్నారు. నవలలో ఆమె ఆ కోట ఛాయలకే రాదు మరి! లివ్ టైలర్‌తో తీసిన ఆ సన్నివేశాలు 2002లో విడుదలైన ‘ద టూ టవర్స్’లో లేవు. సరే, అక్కడ అభిమానులే గెలిచారనుకుందాం.

2001లో వచ్చిన మొదటి సినిమాలో గ్లోర్‌ఫిండెల్ చేసే పనిని ఆర్వెన్‌కి అప్పజెప్పారని కూడా చాలామంది గొడవపడ్డారు. నాకు అదేమంత నేరం అనిపించదు. అసలు నష్టం వేరే. నవలలో, గాయంతో వణుకుతున్న ఫ్రోడో ఒక్కడే గుర్రం మీద ఏరు దాటి, వెనక్కి తిరిగి నాజ్‌గుల్‌ని ధిక్కరిస్తాడు. సినిమాలో ఆ ధిక్కారం కూడా ఆర్వెన్‌దే. ఫ్రోడో ఆమె ముందున్న ఒక మూట. మిగతా రెండు సినిమాల్లోనూ నేను ఆ నవల ఫ్రోడో కోసమే వెతుక్కున్నాను.