ఫ్రీ ఏజెంట్: ఆటగాడు జట్టు మారిన చరిత్ర

‘ఫ్రీ ఏజెంట్’ అన్న మాట మొదటిసారి విన్నప్పుడు, డబ్బు తీసుకోకుండా పనిచేసే ఏజెంటేమో అనుకున్నాను. మా క్లాసులో సగం మంది కూడా అలాగే అనుకున్నారు. అది తప్పు. ఒప్పందం ముగిసి, ఏ జట్టుతోనైనా మాట్లాడుకునే స్వేచ్ఛ ఉన్న ఆటగాడే ఫ్రీ ఏజెంట్. అతని తరఫున బేరం మాట్లాడే మనిషి ఏజెంట్.

అమెరికాలోని ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్‌లో ఈ స్వేచ్ఛ ఒకప్పుడు లేదు. ఒప్పందం అయిపోయినా ఆటగాడు పాత జట్టు సొత్తే. జీతం నచ్చకపోతే ఇంట్లో కూర్చోవాలి గాని, ఎన్‌బీఏలో ఇంకో జట్టుకు పోయేదానికి లేదు.

1964 జనవరిలో బోస్టన్‌లో ఆల్‌స్టార్ మ్యాచ్ పెట్టారు. టీవీలో చూపించడానికి అంతా సిద్ధం. ఆటగాళ్ళు మాత్రం డ్రెస్సింగ్ రూమ్ దాటి రాలేదు. పెన్షన్ ఇస్తామని మాట ఇస్తేనే ఆడతామన్నారు. వాళ్ళ సంఘానికి సలహాదారు లారీ ఫ్లీషర్ అనే లాయరు. చివరికి కమిషనర్ మాట ఇచ్చాడు, మ్యాచ్ జరిగింది. ఒక్కొక్కరుగా అడిగితే రానిది, అందరూ కలిసి కూర్చుంటే వచ్చింది.

మరుసటి ఏడాది ఆ సంఘానికి ఆస్కార్ రాబర్ట్‌సన్ అధ్యక్షుడయ్యాడు. అప్పటికే చాలా గొప్ప ఆటగాడు. ఎన్‌బీఏ తన పోటీ సంస్థ ఏబీఏతో కలిసిపోవాలని చూసింది. రెండూ ఒకటైతే జీతాల కోసం పోటీ పడేవాళ్ళే ఉండరు కదా! అందుకే 1970లో ఆటగాళ్ళు కోర్టుకు వెళ్ళారు. కేసు రాబర్ట్‌సన్ పేరు మీదే నడిచింది. 1976లో రాజీ కుదిరి, పాత కట్టుబాట్లు సడలాయి. ఆ తర్వాత కూడా పాత జట్టుకు కొన్ని పట్లు మిగిలాయి. 1988లో గాని, ఏడేళ్ళు ఆడి రెండు ఒప్పందాలు ముగించిన ఆటగాడికి పూర్తి స్వేచ్ఛ రాలేదు. ఆ కొత్త పద్ధతిలో మొదట జట్టు మారినవాడు టామ్ ఛేంబర్స్. సియాటిల్ వదిలి ఫీనిక్స్‌కు వెళ్ళాడు.

స్వేచ్ఛ వచ్చాక లెక్కలు మొదలయ్యాయి. అందులో పన్ను లెక్క పెద్దది.

మేము ఉండేది హోసూరులో, మా అన్న పనిచేసేది బెంగళూరులో. ఇన్‌కమ్ ట్యాక్స్ మన దేశంలో ఎక్కడున్నా ఒకటే. కానీ అన్న జీతంలో నెలనెలా కొంత ప్రొఫెషనల్ ట్యాక్స్ అని కర్ణాటకకు పోతుంది. ఇల్లు తమిళనాడులో ఉన్నా సరే, పని ఎక్కడో పన్ను అక్కడే. అమెరికాలో చాలా రాష్ట్రాలు ఆదాయం మీదే సొంతంగా పన్ను వేస్తాయి. ఆటగాడు బయటి రాష్ట్రంలో ఆడితే, అక్కడ పనిచేసిన రోజుల లెక్కన ఆ రాష్ట్రానికి కట్టాలి. 1991 ఫైనల్లో మైకేల్ జోర్డాన్ ఉన్న షికాగో జట్టు లాస్ ఏంజెలెస్‌ను ఓడించాక, కాలిఫోర్నియా ఆ ఆటగాళ్ళ దగ్గర పన్ను అడిగింది. షికాగో ఉన్న ఇల్లినాయ్ ఊరుకోలేదు. మా వాళ్ళకు పన్ను వేసే రాష్ట్రాల ఆటగాళ్ళకు మేమూ వేస్తామని చట్టం చేసింది. జనం దానికి ‘జోర్డాన్ పగ’ అని పేరు పెట్టారు. ఇది చదివి మా ఇంట్లో అందరూ నవ్వారు.

ఫ్లోరిడా, టెక్సాస్ రాష్ట్రాల్లో ఆదాయపు పన్ను లేదు. న్యూయార్క్‌లో రాష్ట్రం ఒకటి, నగరం ఇంకొకటి, రెండు పన్నులు. 1999 నుంచి ఒక్కో ఆటగాడికి ఇవ్వగల జీతానికి గరిష్ఠ పరిమితి వచ్చింది. అన్ని ఊళ్ళూ ఇంచుమించు ఒకే మొత్తం చూపిస్తే, చేతికి ఎంత మిగులుతుందో లెక్క చూడాల్సిందే. 2010లో లెబ్రాన్ జేమ్స్ క్లీవ్‌లాండ్ వదిలి ఫ్లోరిడాలోని మయామీకి వెళ్ళాడు. ముగ్గురు పెద్ద ఆటగాళ్ళు ఒకే జట్టులో ఇమడాలని ముగ్గురూ జీతం కొంత తగ్గించుకున్నారు. పన్ను లేని ఊరు కాబట్టి ఆ కోత కాస్త తేలికై ఉంటుందని నా ఊహ.

ఈ లెక్కలన్నీ చూసిపెట్టేది ఏజెంటే. జట్టుతో చేసుకునే ఒప్పందంలో ఆయనకు 4 శాతం కంటే ఎక్కువ ముట్టకూడదని సంఘం నియమం. ఇందులో ఒక చిక్కుంది. 2018 నుంచి కేంద్ర పన్ను లెక్కలో ఏజెంటు ఫీజును ఖర్చుగా తీసేయనివ్వడం లేదు. అంటే ఏజెంటు చేతికి పోయిన డబ్బు మీద కూడా ఆటగాడే పన్ను కట్టాలి. నాకైతే ఇది అన్యాయమనిపించింది.

అయితే అందరూ పన్ను చూసే ఊరు మారారా? 1996లో షకీల్ ఓనీల్ పన్ను లేని ఫ్లోరిడా వదిలి, పన్ను ఎక్కువున్న కాలిఫోర్నియాకు వెళ్ళాడు. లాస్ ఏంజెలెస్ లేకర్స్ జట్టు ఏడేళ్ళకు 12 కోట్ల డాలర్లు ఇస్తానంది. పైగా సినిమాలు, ప్రకటనలు ఉండేది అక్కడే. జట్టు 2000, 2001, 2002 వరుసగా గెలిచింది.

ఛేంబర్స్ సంగతీ అంతే. అతను వదిలిన సియాటిల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో అప్పుడు జీతం మీద రాష్ట్ర పన్ను లేదు. వెళ్ళిన అరిజోనాలో ఉంది. అయినా వెళ్ళాడు. కేసు నడిపిన రాబర్ట్‌సన్‌కు మాత్రం ఇలా ఊరు ఎంచుకునే అవకాశం రానే లేదు. రాజీ కుదరడానికి రెండేళ్ళ ముందే, 1974లో, ఆయన ఆట మానేశాడు.