ఆఫ్ఘను కుటుంబ గాథలు: ద్రోహము, ప్రాయశ్చిత్తము

తెలుగున 'దాయ' అను మాటకు జ్ఞాతి యనియు, శత్రువనియు రెండర్థములు కలవు. ఒకే తాతకు మనుమలైనవారు ఆస్తికిని, అధికారమునకును పోటీపడుట ఎంత పాతదో ఈ ఒక్క మాటయే చెప్పుచున్నది. పష్తూనుల భాషలో 'తర్బూర్' అను పదము సరిగా ఇట్టిదే. పినతండ్రి లేక పెదతండ్రి కుమారుడని దాని మొదటి యర్థము. పోటీదారు, పగవాడు అని రెండవ యర్థము. భారతకథ విని పెరిగిన మనకు దీనిని వేరుగా వివరింప నక్కరలేదు. ఇటీవలి ఆఫ్ఘను నవలలలో అన్నదమ్ములు, తండ్రికొడుకులు ఒకరికొకరు చేసికొనిన ద్రోహములే తరచుగా కథావస్తువులు. వాని మూలములను చూడవలెనన్న, ఆ దేశపు రాజగృహముల చరిత్రను కొంత తెలిసికొనవలెను.

1747లో అహమ్మద్ షా దుర్రానీ కాందహారున రాజ్యము స్థాపించెను. ఆయన మనుమడు జమాన్ షా 1793లో సింహాసన మెక్కుటకు తోడ్పడిన ముఖ్యుడు బారక్జయీ తెగ నాయకుడగు పాయిందా ఖాను. ఆరేండ్లు గడచిన పిమ్మట, కుట్ర పన్నెనన్న ఆరోపణపై, జమాన్ షా ఆయనకే మరణదండన విధించెను. పాయిందా ఖాను కుమారుడు ఫతే ఖాను రాజు సవతి సోదరుడగు మహమూదు పక్షమున చేరెను. రాజ్యము కోల్పోయి పారిపోవుచు జమాన్ షా ఒక కోటలో ఆశ్రయము పొందగా, ఆతిథ్యమిచ్చినవాడే ఆయనను పట్టి యిచ్చెను. విజయము పొందిన సోదరుడు ఆయన కన్నులు పొడిపించెను. ఆ రాజ్యభ్రష్టుడు బహుకాలము లూధియానాలో ఆంగ్లేయుల భరణముతో జీవించెను.

తనను రాజుగా నిలిపిన ఫతే ఖానుకును మహమూదు కుటుంబము అదే బహుమానమిచ్చినది. 1818లో మహమూదు కుమారుడు కామ్రాను ఆయన కన్నులు తీయించెను; తరువాత ఆయనను వధించిరి. ఫతే ఖాను తమ్ములు తిరుగబడి దుర్రానీ వంశపు అధికారమును కూలద్రోసిరి. వారిలో ఒకడగు దోస్త్ మహమ్మదు 1826లో కాబూలున పాలకుడయ్యెను. పష్తూనుల ధర్మములో పగ తీర్చుకొనుటకు 'బదల్' అని పేరు. మన 'బదులు' అను మాటయు ఆ అరబ్బీ పదమునుండి వచ్చినదే. ఒక మరణమునకు బదులుగా మరియొక మరణము, ఒక కంటికి బదులుగా మరియొక కన్ను, ఇట్లు లెక్క సాగిపోయెనే కాని తీరలేదు.

దోస్త్ మహమ్మదు 1863లో మరణింపగా కుమారుడు షేర్ అలీ రాజయ్యెను. సోదరులు ఎదురుతిరిగిరి. 1865లో కలాతె గిల్జయీకి సమీపమున కజ్‌బాజ్ వద్ద జరిగిన యుద్ధములో షేర్ అలీ తన తోడబుట్టిన తమ్ముడగు మహమ్మద్ అమీనుతో తలపడెను. జయము షేర్ అలీదే. కాని ఆ తమ్ముడును, తన వారసుడగు ప్రియపుత్రుడు మహమ్మద్ అలీయు ఒకే రణరంగమున కూలిరి. గెలిచిన రాజు రాజ్యకార్యములు విడిచి కాందహారున ఏకాంతవాసము చేసెను. ఆ సందులో ప్రత్యర్థులు కాబూలును గైకొనిరి. పశ్చాత్తాపము రాజును కొంతకాలము కదలనీయలేదు కాని, మార్చలేదు. కోల్పోయిన రాజ్యమును తిరిగి సంపాదించిన పిమ్మట, 1874లో ఆయన మరియొక కుమారుడగు యాకూబు ఖానును చెరసాలలో పెట్టించెను.

ఇరువదవ శతాబ్దమునను ఈ కథ మారలేదు. 1973 జులై 17న రాజగు జహీర్ షా ఇటలీలో ఉండగా, ఆయన జ్ఞాతియు, సోదరి భర్తయునగు దావూద్ ఖాను సింహాసనమును రద్దుచేసి అధ్యక్షుడయ్యెను. 1978 ఏప్రిల్ 28న దావూదును, ఆయన కుటుంబమువారిలో పలువురను సైనికులు రాజభవనమున కాల్చి చంపిరి. ఆ వచ్చిన ప్రభుత్వమునకు నాయకుడు తరాకీ. ఆయనకు విశ్వాసపాత్రుడగు శిష్యుడనని చెప్పుకొనినవాడు అమీను. 1979 అక్టోబరులో ఆ శిష్యుని ఆజ్ఞచే గురువు హతుడయ్యెను. డిసెంబరు 27న సోవియట్ సైనికులు శిష్యునిగూడ చంపిరి.

దావూదు గద్దెనెక్కిన ఆ దినములలో కాబూలులో పెరుగుచుండిన బాలుడు ఖాలెద్ హొసైనీ. 1965లో జన్మించెను. దౌత్యోద్యోగియగు తండ్రితో 1976లో పారిసునకును, 1980లో అమెరికాకును పోయి, వైద్యుడై, 2003లో 'ది కైట్ రన్నర్' అను నవల నాంగ్లమున ప్రచురించెను. అందు అమీరు ధనికుడగు పష్తూను కుమారుడు. హసను వారి యింటి హజారా సేవకుని కుమారుడు. కలసి పెరిగిన వీరిలో, 1975 శీతకాలమున హసను దుర్మార్గులకు చిక్కి ఘోరావమానము పొందుచుండగా అమీరు చాటునుండి చూచి మాటాడడు. తన సిగ్గును మరచుటకై హసనుపై దొంగతనము మోపి ఇల్లు విడిచిపోవునట్లు చేయును. పెక్కేండ్లకు తెలియు సత్యమేమనగా, హసను తన తండ్రికే పుట్టిన సోదరుడు. తండ్రి దాచిన తప్పును, కుమారుడు చేసిన తప్పును ఒక్కచోటికి వచ్చును.

హసను హజారా యగుటలో చరిత్ర ఉన్నది. 1891 మొదలు 1893 వరకు అమీర్ అబ్దుర్ రహమాను హజారాలపై యుద్ధము సాగించి వారిని అణచెను. వేలమందిని బానిసలుగా అమ్మిరి. అమానుల్లా పాలనలో 1923 నాటి రాజ్యాంగము బానిసత్వమును నిషేధించెను. చట్టము మారినను ఇండ్లలోని పీటలు మారలేదు. నవలలోని ఆ యింట సోదరుడు సేవకుడుగా మసలుటకు ఇదియే కారణము.

హొసైనీ నవలలలో మరియొక విశేషము కలదు. ద్రోహము చేసిన పెద్దలు దానిని నోట చెప్పలేరు. 2007 నాటి 'ఎ థౌజండ్ స్ప్లెండిడ్ సన్స్' లో, తన అక్రమ సంతానమగు మరియమును దూరముగా పెండ్లిచేసి పంపివేసిన హెరాతు ధనికుడు జలీలు, చివరకు ఒక ఉత్తరము వ్రాసి పెట్టును; అది ఆమె మరణానంతరమే తెరువబడును. 2013 నాటి 'అండ్ ది మౌంటెన్స్ ఎకోడ్' లో, పేదతండ్రి కూతురు పరీని ధనికుల కమ్మించిన మేనమామ నబీ, తన మరణానంతరము చదువవలెనని ఉత్తరము వ్రాయును. పరీ తన అన్నను కలిసికొనుసరికి ఆయన జ్ఞాపకశక్తి నశించి చెల్లెలిని గుర్తింపలేడు. ఉత్తరములు ఆలస్యముగా చేరును. చేరినను పోయినదంతయు తిరిగిరాదు.

అట్లయిన ప్రాయశ్చిత్తమునకు దారి యేది? పష్తూను ధర్మములో బదల్ ఒక్కటియే లేదు. 'ననవాతె' యును కలదు. 'లోనికి వచ్చుట' అని దాని యర్థము. తప్పు చేసినవాడు గర్వము విడిచి, తాను అన్యాయము చేసినవాని గడప తొక్కి, క్షమింపుమని యాచింపవలెను. ఆ విధముగా వచ్చినవానిని త్రోసిపుచ్చుట గృహస్థునకు అపకీర్తి. అమీరు అమెరికానుండి తాలిబానుల కాబూలునకు పోవుట అట్టి రాకయే. కాని క్షమింపవలసిన హసను జీవించి లేడు. మిగిలినది అతని కుమారుడు సొహ్రాబు. ఆ బాలుని విడిపించిన మాత్రమున కథ ముగియలేదు. అనాథాశ్రమమునకు పంపనని ఇచ్చిన మాటను అమీరు తప్పనున్నాడని తెలిసినప్పుడు బాలుడు ప్రాణము తీసికొనబూనును. తరువాత బహుకాలము మాటాడడు. కడపట ఒక గాలిపటము ఎగురుచుండగా అతని పెదవిపై చిరునవ్వు సగము మెరయును. అంతే. రచయిత అంతకంటె ఎక్కువ వాగ్దానము చేయలేదు.

చరిత్రయు ఆలస్యముగా ఒక్కొక్క అడుగు ఇట్లు వేసినది. దావూదు కుటుంబపు అస్థులు 2008లో కాబూలు సమీపమున ఒక గోతిలో దొరకగా, 2009 మార్చి 17న ప్రభుత్వ లాంఛనములతో సమాధి చేసిరి. 1929లో కొన్ని నెలలు కాబూలు నేలిన హబీబుల్లా కలకానీకి నాదిర్ ఖాను ఖురాను సాక్షిగా అభయమిచ్చి, వశుడైన పిమ్మట చంపించెను. ఆయన అస్థులకు 2016 సెప్టెంబరులో తగిన సమాధి యేర్పడెను. అదియు నిర్వివాదముగా జరుగలేదు. 2021 ఆగస్టులో తాలిబానులు మరల కాబూలును చేకొనగా, మరల వేలాది కుటుంబములు విడిపోయెను.

సమాధి చనిపోయినవారికి గౌరవము నిచ్చును. బ్రతికియున్న బిడ్డకు అన్నము, చదువు, ఒక యింటి పేరు ఇచ్చుట దానికంటె కష్టము. రాజులు కన్నుకు కన్ను అడిగిన దేశములో, పగవాని బిడ్డను పెంచుకొనుటయే బదులు తీర్చుకొను నిజమైన మార్గమని ఈ నవలలు చెప్పుచున్నవి. దాయాదుల కలహము లెరిగిన మన యిండ్లకును ఆ మాట పరాయిది కాదు.