గుట్ట కింది ఇళ్లు

2018 జులై నెలాఖరు. ఆషాఢం. యాదగిరిగుట్ట మీద నల్లరాతిపై ఉలి చప్పుడు ఆగడం లేదు. నరసింహస్వామికి కొత్త గుడి లేస్తోంది. కొండ కింద గణేశ్‌నగర్‌లో మరో చప్పుడు. ఒక ఇంట్లో చిన్నపిల్లను కొడుతున్నారు. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఇరుగుపొరుగు విన్నారు. ఈసారి ఎవరో ఊరుకోలేకపోయారు. కబురు అధికారుల చెవిన పడింది.

షీ టీం పోలీసులొచ్చారు. కొట్టిన ఆడమనిషిని కూర్చోబెట్టారు. పిల్ల ఎవరి పిల్లని అడిగారు. జవాబు తడబడింది. మళ్లీ అడిగారు. ఆమె కన్నపిల్ల కాదు. మరి ఎక్కడి నుంచి వచ్చింది? అక్కడ నోరు విప్పాల్సి వచ్చింది. ఒక్క పిల్ల గురించి అడిగితే, ఇంకా చాలామంది ఉన్నారని తేలింది.

జులై 30న రాచకొండ పోలీసులు ఇళ్ల మీద పడ్డారు. తలుపులు తట్టి, గదులు వెతికి, నీ పేరేంటి, మీ అమ్మ ఎక్కడుంది, నిన్నిక్కడికి ఎవరు తెచ్చారు అని పిల్లల్ని ఒక్కొక్కరినే అడుగుతూ, అమ్మ పేరు చెప్పలేని పిల్లల చెయ్యి పట్టుకుని, 11 మంది ఆడపిల్లల్ని ఆ ఇళ్లలోంచి బయటికి తీసుకొచ్చారు. కొందరికి ఏడేళ్లు కూడా నిండలేదు. కొనుక్కొచ్చారు. పెంచుతున్నారు. వేశ్యావృత్తిలోకి దించడానికే పెంచుతున్నారని విచారణలో బయటపడింది. దాంతోపాటే ఒక మందు పేరు.

ఆక్సిటోసిన్. కాన్పు నొప్పులు రావడానికి ఇచ్చే సూదిమందు. బర్రెలు పాలు చేపడానికి దొంగచాటుగా పొడుస్తారని పల్లెల్లో అందరికీ తెలుసు. దాన్ని ఈ పిల్లలకు పొడిచారన్నది పోలీసుల ఆరోపణ. తొందరగా ఈడొచ్చినట్టు కనిపించాలట. ఒక్కో పిల్లకు 25 వేలు తీసుకున్నాడంటూ ఒక డాక్టర్‌ను అరెస్టు చేశారు. డాక్టరే!

పిల్లల్ని ప్రజ్వల ఆశ్రమానికి పంపారు. 1996లో హైదరాబాద్ పాతబస్తీలో మెహబూబ్ కీ మెహందీ అనే వేశ్యావాడను ఖాళీ చేయించారు. ఆ ఆడవాళ్లు ఎక్కడికి పోవాలో ఎవరూ చెప్పలేదు. అప్పుడు రోడ్డున పడ్డవాళ్ల పిల్లల కోసం సునీతా కృష్ణన్, బ్రదర్ జోస్ వెట్టికాటిల్ మొదలుపెట్టిన సంస్థ అది. గణేశ్‌నగర్‌లో ఇళ్లకు సీలు పడింది. అప్పుడే పాత వాదన మళ్లీ లేచింది. దొంగచాటుగా సాగేదాన్ని చట్టబద్ధం చేసేస్తే? లైసెన్సులిచ్చి, లెక్కలు రాసి, తనిఖీలు పెడితే?

లైసెన్సు కోసం వరసలో ముందు నిలబడేది ఎవరు? పిల్లను కొన్నవాళ్లే. ఇల్లు వాళ్లది, డబ్బు వాళ్లది, డాక్టర్ కూడా వాళ్ల మనిషే. ఇక నలుగురూ ఒప్పుకుని సాగించే పద్ధతి ఎట్లా ఉంటుందో నిజామాబాద్ జిల్లా ముందే చూసింది.

ఇందల్వాయి నుంచి వర్ని దాకా ఏ ముసలమ్మను అడిగినా చెబుతుంది, జోగిని అంటే ఏంటో. ఇంట్లో జబ్బు. ఊళ్లో కరువు. దళితుల ఇంటి ఆడపిల్లను ఎల్లమ్మకో పోచమ్మకో మొక్కేవాళ్లు. మెడలో పుస్తె పడేది. మొగుడు ఉండడు. ఈడేరాక ఆమె ఊరిది. దాపరికం లేదు, డప్పుల మధ్యే జరిగేది. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీలను అంకితమివ్వడాన్ని నిషేధించింది. నిజాం ఇలాకాకు ఆ చట్టం రాలేదు. ఇక్కడి పిల్లల కోసం ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చేసరికి 1988. మధ్యలో 41 ఏళ్లు. కవి జాషువా కూతురు హేమలతా లవణం వర్నిలో జోగినుల బిడ్డలకు చెల్లి నిలయం తెరిచారు. ఊరు ఒప్పుకున్నంత మాత్రాన ఆ ఆడపిల్లకు ఏ రక్షణా దొరకలేదు. సరే, ఇల్లు నడిపేవాడికి శిక్ష పడాలి. మరి ఆ ఇంట్లో ఉన్న ఆడమనిషికి?

1999 సెప్టెంబరు 17. కోల్‌కతా, జోగెన్ దత్త వీధి. రాత్రి తొమ్మిదింబావు. మూడంతస్తుల వేశ్యల ఇల్లు. ఒక గది ముందు నలభై అయిదేళ్ల ఆడమనిషి నిద్రపోతోంది. వచ్చినవాడు తన్నాడు. ఆమె కింద పడింది. జుట్టు పట్టుకున్నాడు. తలను నేలకేసి కొట్టాడు, గోడకేసి కొట్టాడు. ముక్కులోంచి, చెవుల్లోంచి నెత్తురు. అరుపులు విని తోటి ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఆమె బతకలేదు.

హంతకుడికి యావజ్జీవం. 2011 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఫైలు అక్కడితో మూసేయొచ్చు. మూయలేదు. సెక్స్ వర్కర్లూ మనుషులేనని చెప్పి, వాళ్ల బతుకుల సంగతి తేల్చమని ఆ ఏడాదే ఒక ప్యానెల్ వేసింది. ప్యానెల్ సిఫార్సులు చేసింది. కేంద్రం చట్టం తెస్తామంది. ఏళ్లు గడిచాయి. చట్టం రాలేదు.

2022 మే 19. ఢిల్లీలో ఎండలు మండుతున్నాయి. సుప్రీంకోర్టు ధర్మాసనం మీద మధ్యలో గుంటూరు జిల్లాలో పుట్టిన మనిషి, జస్టిస్ లావు నాగేశ్వరరావు. చట్టం వచ్చేదాకా మా మాటే నడుస్తుందని రాజ్యాంగం 142వ అధికరణం కింద ఆదేశమిచ్చారు. వేశ్యావృత్తి చట్టబద్ధమైపోయిందని ఊరూరా మోగింది. కాలేదు. ఇల్లు నడపడం, ఆమె సంపాదన మీద బతకడం 1956 చట్టం కింద అప్పుడూ నేరమే, ఇప్పుడూ నేరమే. అలాగే ఉండాలి కూడా. మారింది వేరే. కండోమ్ దొరికితే దాన్ని నేరానికి సాక్ష్యంగా చూపొద్దు. ఇష్టం లేకుండా హోముల్లో పెట్టిన వయోజన స్త్రీలను గుర్తించి వదిలేయాలి. అత్యాచారం జరిగిందని వస్తే మిగతా ఆడవాళ్లకు చేసినట్టే వైద్యం, సాయం చేయాలి. పోలీసులు మర్యాదగా మాట్లాడాలి. మీడియా ఆమె ముఖం చూపొద్దు. వృత్తి బయటపడకుండా ఆధార్ ఇవ్వాలి.

అసలైన సిఫార్సు ఇంకొకటి ఉంది. అలాంటి ఇంటి మీద పోలీసులు దాడి చేసినప్పుడు అందులోని ఆడమనిషిని అరెస్టు చేయొద్దు, వేధించొద్దు. గణేశ్‌నగర్‌లో పిల్లల్ని కొన్నవాళ్లనూ, గతిలేక ఆ పనిలో ఉన్న ఆడమనిషినీ వేరు చేసి చూసేది ఆ ఒక్క వాక్యమే. దాని మీద కేంద్రం అభ్యంతరం ఉందంది. కోర్టు జవాబు అడిగింది. ఆ రోజు అమలు చేయమన్న వాటిలో ఆ వాక్యం లేదు. 19 రోజుల తర్వాత, జూన్ 7న, జస్టిస్ నాగేశ్వరరావు రిటైరయ్యారు.