సమగ్ర శిశు అభివృద్ధి పథకము

సమగ్ర శిశు అభివృద్ధి పథకము (ఐ.సి.డి.ఎస్.) ఆరు సంవత్సరాల లోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు పోషకాహారము, ఆరోగ్య సేవలు, పూర్వ ప్రాథమిక విద్య అందించుటకు భారత ప్రభుత్వము 1975 అక్టోబరు 2న ప్రారంభించిన పథకము. ఈ సేవలు అంగన్‌వాడీ కేంద్రాల ద్వారా అందుతాయి. హిందీలో ఆంగన్ అనగా ఇంటి ముంగిలి; ఆ మాట నుండే ఈ పేరు వచ్చినది. 2021-22 నుండి ఈ పథకము "సక్షమ్ అంగన్‌వాడీ, పోషణ్ 2.0"లో భాగముగా నడుచుచున్నది.

నేపథ్యము

1974లో కేంద్ర ప్రభుత్వము జాతీయ బాలల విధానమును ప్రకటించినది. మరుసటి సంవత్సరము ఈ పథకము 33 బ్లాకులలో ప్రయోగాత్మకముగా మొదలైనది. పేద కుటుంబాలలో తల్లి అనారోగ్యము, బిడ్డ ఆకలి, అంటువ్యాధులు ఒకదానినొకటి పెంచుతాయి. కావున వేర్వేరు శాఖల సేవలను ఒకే చోట, ఒకే వయసులో అందించవలెనన్నది దీని మూల సూత్రము. వెనుకబడిన గ్రామీణ ప్రాంతాలకు, గిరిజన ప్రాంతాలకు, పట్టణాలలోని మురికివాడలకు మొదట ప్రాధాన్యము ఇవ్వబడినది.

సేవలు

పథకములో ఆరు సేవలు కలవు.

* అనుబంధ పోషకాహారము
* పూర్వ ప్రాథమిక విద్య (3 నుండి 6 సంవత్సరాల పిల్లలకు)
* పోషణ, ఆరోగ్య విషయాలపై మహిళలకు అవగాహన
* టీకాలు
* ఆరోగ్య పరీక్షలు
* అవసరమైన వారిని ఆసుపత్రికి పంపుట

వీటిలో చివరి మూడు ఆరోగ్య శాఖ సహకారముతో జరుగుతాయి. కేంద్రములో పిల్లల బరువు తూచి ఎదుగుదల పటములో గుర్తిస్తారు. వయసుకు తగిన బరువు ఉన్నవారు ఆకుపచ్చ భాగములోను, తక్కువ ఉన్నవారు పసుపు భాగములోను, మరీ తక్కువ ఉన్నవారు నారింజ రంగు భాగములోను వస్తారు.

2013 నాటి ఆహార భద్రతా చట్టము ప్రకారము 6 నెలల నుండి 6 సంవత్సరాల పిల్లలకు రోజుకు 500 కిలో కేలరీలు, 12-15 గ్రాముల మాంసకృత్తులు ఇవ్వవలెను. పోషకాహార లోపము గల పిల్లలకు 800 కిలో కేలరీలు, గర్భిణులకు, బాలింతలకు 600 కిలో కేలరీలు నిర్ణయించబడినవి. 2023 జనవరిలో ఈ ప్రమాణాలు సవరించబడి, సూక్ష్మ పోషకాలు కూడా చేర్చబడినవి.

నిర్వహణ

సాధారణ ప్రాంతాలలో 400 నుండి 800 జనాభాకు ఒక అంగన్‌వాడీ కేంద్రము ఉండవలెను. ప్రతి కేంద్రమునకు ఒక కార్యకర్త, ఒక ఆయా ఉంటారు. కొన్ని కేంద్రాలకు ఒక సూపర్‌వైజరు, ప్రాజెక్టు మొత్తమునకు శిశు అభివృద్ధి పథక అధికారి (సి.డి.పి.ఓ.) బాధ్యత వహిస్తారు.

పథకము నుండి హక్కు వరకు

2001లో పౌరహక్కుల ప్రజా సంఘము (పి.యు.సి.ఎల్.) ఆహార హక్కుపై సుప్రీం కోర్టులో వ్యాజ్యము వేసినది. ఆ ఏడాది నవంబరు 28న ప్రతి జనావాసములో అంగన్‌వాడీ ఉండవలెనని కోర్టు ఆదేశించినది. 2004 అక్టోబరులో, లబ్ధిదారుల ఎంపికకు దారిద్ర్య రేఖను ప్రమాణముగా తీసుకొనరాదని, ఆహార సరఫరాకు కాంట్రాక్టర్లను వినియోగించరాదని తెలిపినది. 2006 డిసెంబరు 13 నాటి తీర్పు ప్రకారము, ఆరేళ్ళ లోపు పిల్లలు 40 మంది ఉండి కేంద్రము లేని పల్లె లేదా మురికివాడ ప్రజలు కోరిన మూడు నెలలలో కేంద్రము ఏర్పాటు చేయవలెను.

2013 జాతీయ ఆహార భద్రతా చట్టముతో అంగన్‌వాడీ భోజనము చట్టబద్ధమైన హక్కు అయినది. చదువు విషయములో మాత్రము ఈ స్థితి లేదు. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ 6 నుండి 14 సంవత్సరాల పిల్లలకు విద్యను ప్రాథమిక హక్కు చేసినది. ఆరేళ్ళ లోపు వారి సంరక్షణ, విద్య 45వ అధికరణములో ఆదేశిక సూత్రముగానే ఉన్నవి; వాటి కొరకు నేరుగా న్యాయస్థానమును ఆశ్రయించుటకు వీలులేదు. అందువలన పేద పిల్లవానికి అంగన్‌వాడీలో అన్నము హక్కు, అక్షరము మాత్రము ప్రభుత్వ ప్రయత్నము. 2020 జాతీయ విద్యా విధానము 2030 నాటికి పూర్వ ప్రాథమిక విద్య అందరికీ అందవలెనని లక్ష్యము నిర్దేశించినది.

తెలుగు రాష్ట్రాలలో

తెలుగు రాష్ట్రాలలో మూడేళ్ళ లోపు పిల్లలకు ఇంటికి ఇచ్చే "బాలామృతం" పొడి ప్రసిద్ధము. తెలంగాణలో 2015 జనవరి 1న ప్రారంభమైన "ఆరోగ్య లక్ష్మి" ద్వారా గర్భిణులకు, బాలింతలకు కేంద్రములోనే ఒక పూట పూర్తి భోజనము, గుడ్డు, 200 మి.లీ. పాలు ఏర్పాటు చేయబడినవి. ఆంధ్ర ప్రదేశ్‌లో 2020 సెప్టెంబరులో సంపూర్ణ పోషణ పథకము, 77 గిరిజన మండలాలలో సంపూర్ణ పోషణ ప్లస్ మొదలైనవి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారము ఐదేళ్ళ లోపు పిల్లలలో గిడసబారినవారు 2015-16లో దేశములో 38.4 శాతము కాగా 2019-21లో 35.5 శాతము. ఆంధ్ర ప్రదేశ్‌లో రెండవ సర్వే నాటికి ఇది 31.2 శాతము, తెలంగాణలో 33.1 శాతము.

కార్యకర్తల స్థితి

కార్యకర్తలు, ఆయాలు ప్రభుత్వోద్యోగులు కారు; వారికి జీతము కాక గౌరవ వేతనము ఇస్తారు. 2018 అక్టోబరు నుండి కేంద్రము కార్యకర్త గౌరవ వేతనమును నెలకు 3,000 నుండి 4,500 రూపాయలకు పెంచినది. రాష్ట్రాలు దీనికి అదనముగా కొంత చెల్లిస్తాయి. వీరికి గ్రాట్యుటీ చట్టము వర్తిస్తుందని 2022 ఏప్రిల్ 25న సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. వేతన పెంపు, గ్రాట్యుటీ కోరుతూ ఆంధ్ర ప్రదేశ్ కార్యకర్తలు 2023 డిసెంబరు 12 నుండి 42 రోజులు సమ్మె చేసారు. జనవరి 6న ప్రభుత్వము వారిపై అత్యవసర సేవల చట్టమును (ఎస్మా) ప్రయోగించినది. అత్యవసర సేవ చేయువారిగా గుర్తించి, ఉద్యోగులుగా మాత్రము గుర్తించకపోవుట ఈ వివాదములో ప్రధానాంశముగా నిలిచినది.

ఇవి కూడా చూడండి

* జాతీయ ఆహార భద్రతా చట్టము
* మధ్యాహ్న భోజన పథకము
* విద్యా హక్కు చట్టము